పొలిమేరలో నీళ్లడిగినమ్మ

ముదుగుబండ ఊరికి ఉత్తరాన, పొలిమేర మీద, నడుమెత్తు నల్లరాయి ఒకటి నిలబడి ఉంటుంది. దానిపై కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. ఈ రాయినే భక్తులు నీళ్లడిగినమ్మగా కొలుస్తారు. ఇక్కడికి వచ్చినవారికి పూజారి ముందుగా చెంబెడు నీళ్లు ఇస్తాడు. వారు తాగిన తరువాతే పేరు, ఊరు అడుగుతాడు. సన్నిధిలో ధర్మం, న్యాయం, నీతి అనే మూడు మాటలు ఎవరూ పలకరాదు. చదువుకున్నవారు కొందరు ఇదేం ఆచారమని నవ్వుతారు. నవ్వేముందు ఈ కథ చదవమని మనవి.

పూర్వం చుట్టుపక్కల ఊళ్లలో మశూచి సోకి జనం రాలిపోతున్న ఏడు, ముదుగుబండ పెద్దలు పొలిమేర కట్టారు. బయటివారు లోపలికి రాకూడదు, వారికి ఊరి నీరు, నిప్పు, ధాన్యం ఇవ్వకూడదు అని గ్రామదేవత ఎదుట అందరిచేతా ప్రమాణం చేయించారు. తలారి పెద్దోబులేసును కాపలా పెట్టారు. ఆయన మా వంశానికి మూలపురుషుడు. ఆ సంగతి దాచి ఈ పుస్తకం రాయడం నాకు చేతకాలేదు.

వైశాఖ మాసంలో ఒక ఉదయం తిమ్మక్క అనే స్త్రీ ఆ రాయి దాకా నడిచి వచ్చింది. ఆమె ఈ ఊరి ఆడపడుచే. అత్తవారింట మగనిని, అత్తమామలను మట్టిచేసి, రెండు రోజులు ఎండలో నడిచి పుట్టినూరు చేరింది. రాయికి ఆనుకుని కూలబడింది.

"ఓబులన్నా, నీళ్లు పొయ్యి. ఊర్లోకి రాన్లే. కడవ ఆడ పెట్టి దూరం జరుగు, నేనే తాగుతా" అన్నది.

పెద్దోబులేసు చేతిలో అప్పుడే నింపిన కడవ ఉంది. కాని ఆయన ప్రమాణం చేసినవాడు. "పెద్దోళ్లను ఒక మాట అడిగొస్తా తల్లీ, ఆడ్నే ఉండు" అని చావడికి నడిచాడు. కడవను కూడా చంకన పెట్టుకునే వెళ్లాడు.

చావడిలో ముగ్గురు పెద్దలున్నారు. దాహమన్న ఆడబిడ్డకు నీళ్లివ్వడం ధర్మమే కాని, ఊరందరి ప్రాణాలు కాపాడడం అంతకన్నా పెద్ద ధర్మం కాదా అని పురోహితుడు సందేహించాడు. మొన్న వచ్చిన గాజుల బేరగాణ్ణి వెనక్కి తిప్పాం, ఇప్పుడు మన పిల్లకని కట్టు సడలిస్తే న్యాయమేనా అని కరణం అడిగాడు. దేవత ముందిచ్చిన మాట తానే తప్పితే ఇక నీతి ఎక్కడ మిగులుతుందని ఊరిపెద్ద పాపిరెడ్డి అన్నాడు. ముగ్గురూ చెడ్డవారు కారు. ఎవరి మాటలోనూ నాకు తప్పు దొరకదు, అందుకే ఈ కథ రాస్తుంటే భయం వేస్తుంది.

పెద్దోబులేసు గుమ్మం దగ్గర కడవతో నిలబడి అన్నీ విన్నాడు. "ఆయమ్మకు గొంతెండిపోతాండాది సామీ" అని ఒక్కసారి అన్నాడు.

"తొందరపడితే తప్పు చేస్తాము. ఉండ్రా" అన్నాడు పాపిరెడ్డి.

సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి తీర్మానం కుదిరింది. నీళ్లు ఇవ్వవచ్చునన్నారు. పెద్దోబులేసు పరుగున వెళ్లాడు. తిమ్మక్క రాయికి చెంప ఆనించి చనిపోయి ఉంది. స్నానం చేయించిన స్త్రీలు ఆమె ఒంటిమీద ఒక్క పొక్కయినా లేదని చెప్పారు.

ఆ తరువాత పెద్దోబులేసుకు మెతుకు దిగలేదు. పదకొండవనాడు తెల్లవారుజామున తిమ్మక్క కలలో కనిపించింది. ఆమె ముఖంలో కోపం లేదు. "అన్నా, నాకు గుడి వద్దు, ఆ రాయి చాలు. చావడిలో మీరనుకున్న మూడు మాటలు నా ముందర ఎవురూ అనాకండి. చేసింది చెప్పండి, చెయ్యంది చెప్పండి" అన్నది. ఆయన కల సంగతి ఊరికి చెప్పాడు. పెద్దలు ముగ్గురూ తలలు వంచుకుని విన్నారు.

నేటికీ ఏటా తిమ్మక్క చనిపోయిన రోజున మా ఇంటివాడొకడు నిండు కడవతో పొద్దు పొడిచినప్పటినుంచి నడిమధ్యాహ్నం దాకా చావడి గుమ్మంలో నిలబడతాడు. గుక్కెడు తాగకూడదు. తరువాత రాయి దగ్గరకు నడుస్తాడు. ఊరి ముసలామె ఒకతె, "తిమ్మక్కకు నీళ్లిచ్చినావా?" అని అడుగుతుంది. "ఇయ్యలేదు" అని చెప్పాలి. కారణం చెప్పకూడదు. అప్పుడు నీళ్లు రాయి మీద పోస్తారు.

నిరుడు ఆ వంతు నాకు వచ్చింది. ఎండకు కళ్లు బైర్లు కమ్మాయి. ముసలామె అడగగానే, ప్రమాణం చేసినాము కదా అవ్వా అన్న మాట నా నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగి, ఇయ్యలేదు అన్నాను.

ఇక్కడికి వస్తే పాపం పోతుందని నేను రాయను. మనసులో దాచినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పి, ఇంటికి వెళ్లి చెయ్యకుండా మిగిలిన పని చేసినవారిని అమ్మ చల్లగా చూసిందని మాత్రం విన్నాను. మీరూ రండి. ముందు నీళ్లు తాగండి.