నూకరత్నానికి వచ్చిన కొత్త జబ్బు

డాక్టర్ ఫణీంద్రకి ఆ వారం కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఎవరూ కనిపెట్టని సంగతి తనే కనిపెట్టేశానని వాడి నమ్మకం.

హెచ్ఐవీ మందులు మింగుతూ ఏళ్ల తరబడి బతికినవాళ్లకి ముందు ముందు ఏమేం ఇబ్బందులొస్తాయో వెతకడమే కాకినాడ డాక్టర్ దమయంతి గారి జీవితం. ఫణీంద్ర ఆవిడ శిష్యుడు. ఈ వైరస్సు నెమ్మదిగా జ్ఞాపకశక్తిని తినేస్తోందని పెద్ద సభలో చదవడానికి వ్యాసం కూడా రాసేసుకున్నాడు. ఆవిడ సరేనంటే చాలు.

"రుజువేదీ?" అన్నారావిడ.

"బయట కూర్చుంది మేడమ్. పిలుస్తాను."

రుజువు పేరు నూకరత్నం. జామకాయలు అమ్ముకుంటుంది. ఒళ్లో పసిపిల్ల ఉండగానే పెద్ద జబ్బన్నారు, మొగుడూ పోయాడు. ఇప్పుడు తల బాగా నెరిసింది.

ఫణీంద్ర ఐదు మాటలు చెప్పాడు: గొడుగు, జల్లెడ, కుర్చీ, గుమ్మడికాయ, గుర్రం. కాసేపు ఆ కబురూ ఈ కబురూ ఆడి, ఇప్పుడు తిరిగి చెప్పమన్నాడు.

"గొడుగండి... గుమ్మడికాయండి..." అక్కడితో ఆగిపోయింది. "జబ్బు తలకెక్కేసిందా బాబుగారూ? రేపు నా కూతుర్ని కూడా పోల్చుకోలేనా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఫణీంద్ర గురువుగారి వంక గర్వంగా చూశాడు. ఏడుస్తున్న మనిషి ఎదుట గర్వపడకూడదని చదువుల్లో ఎక్కడా చెప్పినట్టు లేదు.

దమయంతి గారు కుర్చీలోంచి లేచొచ్చి నూకరత్నం పక్కన బల్ల మీద కూర్చున్నారు. "నన్నూ అడుగు. నేనూ విన్నానుగా."

"మిమ్మల్నా మేడమ్?"

"అడగవయ్యా."

అడిగాడు. ఆవిడ కళ్లు మూసుకున్నారు. "గొడుగు. కుర్చీ..." చాలాసేపు తడుముకుని, "పెరుగు" అన్నారు.

"పెరుగు లేదండమ్మగారూ," అంది నూకరత్నం ఏడుపు ఆపి. "గుర్రం ఉందండి."

"చూశావా, నాకంటే ఈవిడే నయం. ఈవిడ బుర్రని వైరస్సు తింది సరే, నా బుర్రని ఏది తిన్నట్టు?"

జబ్బు లేని మనిషిని ఒక్కరినైనా ఆ ఐదు మాటలూ అడగాలని అంతవరకూ ఫణీంద్రకి తట్టనే లేదు.

"మీది... వయసు మేడమ్," అని నసిగాడు.

నూకరత్నం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే నాది కూడా ముసల్తనమేనా అమ్మగారూ?"

"కావచ్చు. ఇంకా కనుక్కోవాలి."

"నాకు ముసల్తనమా!" పిల్ల బళ్లో చేరేదాకా బతికుంటే చాలని అప్పట్లో దండాలు పెట్టుకున్న మనిషి. నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతోనే వరండాలోకి పోయి, మందుల కోసం కూర్చున్న వాళ్లందరికీ చెప్పేసింది.

"అయ్యో, మందేమైనా రాశారా వదినా?" అని ఒకావిడ అడగడం లోపలికి వినబడింది.

"దీనికి మందు లేదంట!" అంది నూకరత్నం సంబరంగా.

ఫణీంద్ర వ్యాసాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి సభలో ఏం చెప్పను మేడమ్?"

దమయంతి గారు వరండా వైపు చూస్తూ అన్నారు:

"నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఇక్కడ ఒక్కరికీ ముసల్తనం వచ్చేది కాదు."