పన్నెండో కొలతరాయి

కొండగాలికి తప్ప ఇంకెవరికీ సరిగ్గా గుర్తులేని రోజుల్లో, ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దది సుంకులమ్మ. చిన్నది ఓబులమ్మ, ఊరందరికీ ఓబులి.

సుంకులమ్మకు ముగ్గురు కొడుకులు, మూడు గేదెలు, మెడలో మూడు పేటల గొలుసు. ఓబులికి ఒక కొడవలి, ఒక తాడు. కొండకు పోయి చీపురుగడ్డి కోసుకొచ్చి, చీపుర్లు కట్టి అమ్ముకునేది.

ఎప్పుడో ఏ రాజో తన నేల ఎంతుందో కొలిచి రమ్మని ఆ కొండలకు మనుషుల్ని పంపాడట. వాళ్ళు గొలుసు లాగి, కొలిచిన ప్రతిచోటా ఒక రాయి పాతి, దాని నెత్తిన సున్నా చెక్కి పోయారట. రాజు పోయాడు. గొలుసు పోయింది. రాళ్ళను పొదలు మింగేశాయి.

"మొత్తం పన్నెండు. మా తాత ఆ గొలుసు మోసినవాడే" అని అత్త చెప్పేది.

ఆ మాట విన్ననాటి నుంచి ఓబులికి రాళ్ళ పిచ్చి పట్టింది. గడ్డికోత అయ్యాక పొద్దు వాలేదాకా పొదల్లో వెతికేది. దొరికితే ఏమొస్తుంది? ఏమీ రాదు. దొరికితే అదే పండగ.

ఒకనాడు గడ్డిమోపు కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది.

"దొరికిందక్కా! దొరికింది!"

ఊరంతా మూగింది. "ఎక్కడే? ఎలా ఉందే?" అని ఒకటే అడగడం. గడప మీద నిలబడిన పెద్దకోడలి వైపు ఎవరూ చూడలేదు. సుంకులమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుంది.

రెండోది దొరికింది. మూడోది దొరికింది. పొద్దుగూకితే చాలు, జనం ఓబులి గుమ్మం ముందుకే చేరేవాళ్ళు.

"నువ్వూ రా అక్కా. ఇద్దరం వెతుకుదాం" అంది ఓబులి.

"నాకేం పనీపాటా లేదనుకున్నావా, రాళ్ళేరుకోవడానికి?" అంది సుంకులమ్మ.

పైకి ఆ మాట అందే గానీ, చాటుగా తనూ పోయింది. మొదటిసారి ముళ్ళు గుచ్చుకున్నాయి. రెండోసారి చీమలపుట్ట తవ్వుకుంది. మూడోసారి తేనెటీగలు తరిమాయి. మొహం వాచి ఇల్లు చేరేసరికి వాకిట్లో నవ్వులు. ఓబులికి పదకొండోది దొరికింది.

కొన్నాళ్ళకు సుంకులమ్మ దూడ తప్పిపోయింది. దాన్ని వెతుక్కుంటూ ఎగువ కొండ ఎక్కితే కాలికి రాయి తగిలింది. వంగి చూసింది. నెత్తిన సున్నా! ఒక్క గడియ ఆమె కూడా చిన్నపిల్లలా నవ్వింది.

అంతలోనే ఆలోచన వచ్చింది. ఊరికి చెబితే ఏమంటుంది? ఓబులి పదకొండు చూసింది, ఈమె ఒకటి చూసింది అంటుంది. ఓబులికి చెబితే? తనకంటే అదే ఎక్కువ సంతోషపడుతుంది.

ఆ సంతోషాన్ని మరీ ఓర్చుకోలేకపోయింది.

రాయి మీద మట్టి పోసింది. మట్టి మీద పలకరాళ్ళు పేర్చింది. చుట్టూ బొమ్మజెముడు ముక్కలు నాటింది. ఆ పక్కనే మేస్తూ కనబడిన దూడను తోలుకుని ఏమీ ఎరగనట్టు దిగొచ్చింది.

ఓబులి వెతికింది. మొదటి ఏడాది ఎండల్లో వెతికింది. రెండో ఏడాది చలిలో వెతికింది. మూడో ఏడాది వానల్లో వెతికింది. జెముడు పెరిగి గోడలా అయింది.

"దొరకలేదక్కా" అనేది వచ్చి. ఆ మాట విన్న పూట సుంకులమ్మకు ముద్ద రుచిగా దిగేది.

మూడో ఏటి వానకు తడిసి ఓబులి మంచం పట్టింది. జ్వరం దిగలేదు. తోడికోడలి చెయ్యి పట్టుకుని, "అక్కా, పన్నెండోది అక్కడే ఎక్కడో ఉంది. నా కళ్ళకే ఆనలేదు. నువ్వు చూసినా చాలు, నేను చూసినట్టే" అంది.

సుంకులమ్మ చెప్పబోయింది. అత్త గంజి తెచ్చింది, నోరు మూసుకుంది. మళ్ళీ చెప్పబోయింది. సిగ్గేసి దుప్పటి సర్దింది. మూడోసారి నోరు తెరిచేసరికి వినడానికి ఓబులి లేదు.

ఓబులిని మట్టి చేసిన మూడోనాడు సుంకులమ్మ ఎగువ కొండ ఎక్కింది. వట్టి చేతులతో జెముడు పీకింది. పలకరాళ్ళు విసిరింది. మట్టి తోడింది. సున్నా బయటపడింది.

"ఓబులీ! ఇదిగోనే! ఇటు చూడవే!"

అవతలి కొండ ఒక్కటే పలికింది.

నెత్తురు కారే చేతులతో ఊళ్ళోకి వచ్చి, "పన్నెండోది ఎప్పుడో నాకు దొరికింది. నేనే కప్పెట్టాను" అని చెప్పేసింది.

అత్త భగ్గుమంది. "చచ్చినదాని రాయి కూడా నీకే కావాలా? పదకొండు చూసినదాని కంటికి పన్నెండోది ఆనకుండా పోతుందా?"

ఎవరూ నమ్మలేదు. దానికి ఓబులిరాయి అని పేరు పెట్టేశారు.

సుంకులమ్మ ఏటేటా కొండెక్కి జెముడు పీకేది, ఓబులిని పిలిచేది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ పిలవసాగారు. జుట్టు నెరిసినా ఆమె మంట ఆరలేదు. "చచ్చి కూడా అదే గెలిచింది చూడవే! ఒక్కతైనా నా పేరు తలుస్తుందా?" అని మనవరాలి దగ్గర వాపోయేది. వాపోతూనే జెముడు పీకేది. ఆ మనవరాలు చెప్పబట్టే ఈ సంగతి మనదాకా వచ్చింది.

ఇప్పటికీ ఆ కొండకు గడ్డికి పోయినవాళ్ళు ముందుగా రాయి చుట్టూ మొలిచిన జెముడు తీస్తారు. "ఓబులమ్మా, ఇటు చూడవే!" అని మూడు కేకలు వేస్తారు. అవతలి కొండ మూడుసార్లూ పలికాకే కొడవలి చేతబడతారు.