ముళ్ళగుట్ట టికెట్

ఇప్పలగుట్ట అనే అడవిలో కణుజులు, అడవిపందులు, కుందేళ్ళు, ముళ్ళపందులు, నెమళ్ళు కాపురం ఉండేవి. కణుజు అంటే గుర్రమంత ఎత్తుండే పెద్ద జింక. మగ కణుజులకు తలమీద చెట్టుకొమ్మల్లా కొమ్ములుంటాయి, ఆడవాటికి ఉండవు. ఆ అడవి రాజకీయమంతా ఈ తేడా మీదే నడిచేది.

అడవిలో పార్టీలు రెండు. కణుజులది కొమ్ముల పార్టీ, అడవిపందులది కోరల పార్టీ. ఐదేళ్ళకోసారి ఎన్నికలు జరిగేవి. పదకొండు చోట్ల నుంచి పదకొండు మంది గెలిచి మహాసభకు వెళ్ళేవారు. ఎవరు ఎక్కడ మేయాలో, ఎవరు ఎప్పుడు నీళ్ళు తాగాలో ఆ సభే తేల్చేది. అందులో ఏనాడూ ఒక్క ఆడప్రాణి కూర్చోలేదు. రోజూ కుమ్ముకునే రెండు పార్టీలు ఈ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ముల్లా కలిసి ఉండేవి.

అడవికంతటికీ నల్లమడుగే దిక్కు. పొద్దు పొడవగానే మగవాళ్ళు నీళ్ళు తాగాలని సభ తీర్మానం. వాళ్ళు తాగి, ఒళ్ళు తడుపుకుని, కబుర్లు చెప్పుకుని కదిలేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. అప్పుడు తల్లులూ పిల్లలూ దిగాలి. మొసళ్ళు ఒడ్డుకు చేరే వేళ కూడా అదే. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. కానీ తమ గొంతు తడిశాక మిగతా వాళ్ళ దాహం ఎవరికి గుర్తుంటుంది?

గవరమ్మ అనే ఆడకణుజు బిడ్డను ఆ మడుగులోనే మొసలి లాక్కుపోయింది. నెలల పిల్ల, ఇంకా సరిగ్గా గంతులు వేయడం కూడా రాలేదు. గవరమ్మ ఒడ్డున నిలబడి అడవి అదిరేలా అరిచింది. నీడన పడుకున్న మగ కణుజులు తలెత్తి చూసి, మళ్ళీ నెమరు వేసుకున్నాయి.

ఏడ్చి ఏడ్చి ఒకనాడు గవరమ్మ కన్నీళ్ళు తుడుచుకుంది. నీళ్ళ వంతు మార్చేది సభే కదా, సభలోకి పంపేది పార్టీయే కదా అనుకుని కొమ్ముల పార్టీలో చేరింది. పన్నెండేళ్ళు గొడ్డులా పనిచేసింది. నోట టేకు ఆకు జెండా పట్టుకుని ఊరేగింపుల ముందు నడిచింది. పొదపొదకూ తిరిగి జనాన్ని సభలకు తోలుకొచ్చింది. నాయకులు గెలిచిన ప్రతిసారీ వాళ్ళ మెడలో అడవిమల్లె దండ వేసింది.

పార్టీ అధ్యక్షుడి పేరు దీర్ఘశృంగుడు. పేరుకు తగ్గట్టే కొమ్ములు బారెడు. "ఆడపడుచులే మన పార్టీకి వెన్నెముక," అని ప్రతి సభలోనూ అనేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. సభ ముగిశాక వెన్నెముక వెళ్ళి ఎంగిలాకులు ఎత్తేది.

ఆ ఏడు గవరమ్మ నోరు తెరిచి అడిగింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. తను పుట్టి పెరిగిన గడ్డిబయలు నుంచి పోటీ చేస్తానంది. గెలిస్తే బిడ్డతల్లులకు పొద్దుటి వంతు ఇప్పిస్తానని ఊరూరా చెప్పసాగింది. ఆడకణుజులు మందలు మందలుగా ఆమె మాట వినడానికి వచ్చేవి.

ఇది చూసి దీర్ఘశృంగుడికి గుబులు పుట్టింది. ఆమె ఇంకో నాలుగు నెలలు ఇలాగే తిరిగితే పార్టీ తన చేతిలో ఉండదని లెక్క వేసుకున్నాడు. అప్పటి సభాపతి కూడా తనే కనుక, ఎప్పుడూ వానలు వెలిశాక జరిగే ఎన్నికలను ఎండాకాలం మొదట్లోకి జరిపాడు. తన తెలివికి తనే మురిసిపోయి, రెండు పూటలు మేత కూడా మరిచాడు.

టికెట్లు పంచిన రోజున గడ్డిబయలు సీటు అధ్యక్షుడి తమ్ముడికి దక్కింది. ఆ తమ్ముడు గడ్డిబయలు ఏ దిక్కున ఉందో కూడా ఎరగడు. గవరమ్మ అడ్డంపడి నిలదీసింది.

"చెల్లెమ్మా, నీకు టికెట్ ఇవ్వలేదని ఎవరన్నారు?" అన్నాడు దీర్ఘశృంగుడు తీయగా. "ముళ్ళగుట్ట నీకే ఇస్తున్నాం."

వెనక నిలబడ్డ మగ కణుజులు కిసుక్కున నవ్వాయి. ముళ్ళగుట్టలో కొమ్ముల పార్టీ ఆరుసార్లు నిలబడి ఆరుసార్లూ ఓడింది. అంతటితో ఆగక అధ్యక్షుడు ఇంకో మాట కూడా చెప్పాడు. ఆడవాళ్ళు పదిమందిలో మాట్లాడితే బాగుండదు కాబట్టి, సభల్లో ఆమె తరఫున ఆమె మరిది మాట్లాడతాడట.

గవరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"నా బిడ్డను మొసలి పట్టుకుపోయిన రోజున నా తరఫున అరవడానికి ఏ మరిదీ రాలేదన్నా," అంది. "ఆ రోజు నా గొంతు నేనే చించుకున్నాను. ఈ రోజూ నేనే మాట్లాడతాను."

టికెట్ తీసుకుని ముళ్ళగుట్ట దారి పట్టింది.

ఆ గుట్ట ఎక్కడమంటే మాటలు కాదు. రేగుముళ్ళు గుచ్చుకుని గవరమ్మ కాళ్ళు నెత్తురోడాయి. పైన ముళ్ళపందులు, కుందేళ్ళు, నెమళ్ళు ఉన్నాయి. అన్ని ఎన్నికల్లోనూ నాయకులు గుట్ట కింద నిలబడి మగవాళ్ళను పిలిచి, "మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని అడిగి వెళ్ళిపోయేవారట. పైకెక్కి ఆడవాళ్ళను పలకరించిన మొదటి అభ్యర్థి గవరమ్మేనట. వింటుంటే ఆమెకు సిగ్గేసింది. ఆ పార్టీ జెండాయే కదా తను పన్నెండేళ్ళు మోసింది.

ఆదెమ్మ అనే ముసలి ముళ్ళపంది ఆమెను ఎగాదిగా చూసింది.

"ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. మీ పార్టీ సంగతి మాకు తెలవదా?" అంది. "గెలిచాక నీకు మాత్రం కొమ్ములు మొలవ్వా?"

"మొలిస్తే మీరే వచ్చి విరిచెయ్యండమ్మా," అంది గవరమ్మ.

ఆదెమ్మ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది. తర్వాత తన కథ చెప్పింది. ఆమె ఇద్దరు మనవలు కూడా మిట్టమధ్యాహ్నం మడుగుకు దిగి తిరిగి రాలేదు. ఆ గుట్ట మీద అలాంటి బాధ లేని ఇల్లు లేదు. గవరమ్మ ఇంటింటికీ వెళ్ళి కూర్చుంది, విన్నది. మాట ఇచ్చింది మాత్రం ఒక్కటే, నీళ్ళ వంతు మారుస్తానని.

ఇంతలో కింద గడ్డిబయలులో ఒక వింత జరిగింది. కణుజుల కొమ్ములు ఏడాదికోసారి ఎండలు మొదలయ్యే వేళ ఊడి రాలిపోతాయి. నాలుగైదు నెలలకు గానీ మళ్ళీ పెరగవు. కొమ్ములు లేని మగవాడు పదిమందిలోకి రాకూడదని కొమ్ముల పార్టీ కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టింది దీర్ఘశృంగుడే. గవరమ్మను అణచాలన్న తొందరలో ఎన్నికలను జరిపినవాడికి ఇది గుర్తే రాలేదు. కన్నూ మిన్నూ కానని గర్వం అంటే ఇదే.

ఒక్క వారంలో నాయకుల బుర్రలన్నీ బోడి అయ్యాయి. అభ్యర్థులంతా వెదురుపొదల్లో దాక్కున్నారు. మరి ప్రచారం ఎలా? తమ్ముడిగారి ఊడిన కొమ్మును ఆకుల పల్లకీలో పెట్టి ఊరేగించమని ఆడకణుజులకు ఆజ్ఞ వచ్చింది. కొమ్మునే అయ్యగారనుకుని దండాలు పెట్టాలట. గవరమ్మకు ఇవ్వని టికెట్‌ను ఊడిపోయిన ఎముకకు ఇచ్చారు! మండుటెండలో ఆ ఎముకను మోసుకుంటూ తిరిగిన తల్లుల కడుపు ఎంత రగిలి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఓట్ల రోజు వచ్చింది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో గుంట, నచ్చినవారి గుంటలో ఒక కరక్కాయ వేయాలి. మగ కణుజులు బోడితలలతో బయటికి రాలేక ఇళ్ళలోనే ఉండిపోయాయి. గడ్డిబయలు ఆడకణుజులు వచ్చాయి. పల్లకీని తమ్ముడిగారి గుంట పక్కన దించాయి.

"అయ్యగారు ఇక్కడే ఉన్నారు. ఆయన ఓటు ఆయనే వేసుకుంటారులే," అని మేతకు వెళ్ళిపోయాయి.

గడ్డిబయలు పోయింది. కొమ్ముల పార్టీ కంచుకోటలు ఇంకా మూడు పోయాయి. ముళ్ళగుట్టలో మాత్రం గవరమ్మ గుంట పొంగి పొర్లింది. కాయలు ఒడ్డున కుప్పపోయాల్సి వచ్చింది.

మహాసభలో కొమ్ముల పార్టీకి ఐదు, కోరల పార్టీకి ఐదు. పదకొండోది గవరమ్మ, కొమ్ముల పార్టీ టికెట్ మీద గెలిచినా ఆ పార్టీ మాట వింటుందన్న నమ్మకం లేదు. ఆమె చెయ్యెత్తితేనే దీర్ఘశృంగుడికి సభాపతి పీఠం. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టు, బోడితలకు ఆకులు చుట్టుకుని ఆయనే ముళ్ళగుట్ట ఎక్కి వచ్చాడు. దారిలో ముళ్ళు ఆయనకూ గుచ్చుకున్నాయి.

ఆయన గవరమ్మను తెగ మెచ్చుకున్నాడు. పార్టీ ఆడవాళ్ళ విభాగానికి అధ్యక్షురాలిని చేస్తానన్నాడు. తన పక్కనే మెత్తటి గడ్డి ఆసనం వేయిస్తానన్నాడు. గవరమ్మ అన్నీ విని, నీళ్ళ వంతు మాటేమిటని అడిగింది.

"దానిదేముంది చెల్లెమ్మా, ఒక కమిటీ వేద్దాం."

"ఆ కమిటీలో మిట్టమధ్యాహ్నం నీళ్ళు తాగేవాళ్ళు ఎంతమంది ఉంటారన్నా?"

దీర్ఘశృంగుడు జారిపోతున్న ఆకులను తలమీదికి సర్దుకున్నాడు.

"కమిటీ వద్దు, ఆసనం వద్దు," అంది గవరమ్మ. "రేపు పొద్దున్నే తల్లులూ పిల్లలూ దిగాలి. వాళ్ళు తాగి ఒడ్డెక్కాకే నేను సభకు వస్తాను."

వేరే దారి లేక ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దు పొడవగానే నల్లమడుగు నిండా పిల్లలే. తల్లులు ఏ తొందరా లేకుండా తాగాయి. ఒక పడుచు కణుజు గవరమ్మ దగ్గరికి వచ్చి, ఇంత మేలు చేసిన అధ్యక్షుడికి దండ వేసి రావాలి కదా అంది.

"మన నీళ్ళు మనం తాగడానికి దండ ఎందుకే?" అంది గవరమ్మ. "ఈ మాట పన్నెండేళ్ళ కిందట ఒప్పుకుని ఉంటే ఎంతమంది పిల్లలు బతికి ఉండేవారో అది అడిగి రా."

మగవాళ్ళ వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. దీర్ఘశృంగుడు ఆకులు చుట్టిన తలతోనే మడుగులోకి దిగాడు. ఎదుటి ఒడ్డున మొసలి కళ్ళు తెరిచింది. ఆయన ఒక గుక్క తాగి, తలెత్తి నాలుగు దిక్కులా చూసి, మళ్ళీ ఒక గుక్క తాగాడు. కాళ్ళు వణుకుతుంటే సగం దాహంతోనే ఒడ్డెక్కాడు. ఒడ్డున నిలబడ్డ తల్లుల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ వణుకు వాళ్ళకు కొత్తది కాదు.

నీతి: జెండా మోయడానికి ఆడవాళ్ళను ముందు నిలబెట్టి, పదవి దగ్గర వెనక్కి నెట్టే పార్టీ తన గోతిని తానే తవ్వుకుంటుంది. హక్కుగా రావలసినదాన్ని దానంగా పుచ్చుకోకూడదు.