అలుగు విప్పిన చిలకమ్మ

అనగా అనగా తూర్పు కొండల కింద ఓ బుల్లి రాజ్యం. ఎంత బుల్లిదంటే, రాజుగారు కోటలో తుమ్మితే పొలిమేరలో వాళ్ళు "చిరంజీవ" అనేవాళ్ళు. ఆ రాజు పేరు ఉద్దండవర్మ. పేరుకే ఉద్దండుడు, మీద బల్లి పడితే మూడు రోజులు మంచం దిగేవాడు కాదు. యుద్ధమంటే కడుపునొప్పి, వేటంటే కాలినొప్పి. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. ఊ కొడుతున్నారా? కొట్టండర్రా, లేకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టుంటుంది నాకు.

ఆ రాజ్యంలో అప్పలసూరని ఓ ముసలి రైతు. కొడుకు బండి తోలుకుంటూ దూరం పోయాడు. ఇంట్లో మామా, కోడలూ. కోడలి పేరు చిలకమ్మ. కొండ వాలున పుట్టిన పిల్ల. పేరు చిలకే గానీ మాట తక్కువ, చూపెక్కువ.

ఓనాడు అప్పలసూరి కొండమీద దుంపలు తవ్వుతుంటే పొదలో గుండ్రంగా ఏదో కనపడింది. పనసకాయంత ఉంది. ఒళ్ళంతా పెద్ద పెద్ద పొలుసులు, ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు. అది అలుగు. అలుగంటే చెరువు అలుగు కాదర్రా, మీ పిన్ని అలగడమూ కాదు. అదో జంతువు. భయం వేసిందంటే తల కడుపులో పెట్టుకుని, తోక పైన చుట్టుకుని బంతైపోతుంది. పులి పళ్ళు కూడా దిగవు. పోనీలే పాపమని అప్పలసూరి పక్కకి జరిగాడు. ఇంతలో అటుగా వచ్చిన రాజభటులు చూశారు. బంతిని గోనెసంచిలో వేశారు, ముసలాణ్ణి ముందు నడిపించారు, ఇద్దర్నీ కోటకి పట్టుకుపోయారు.

సభ నడుమ ఆ బంతిని పెట్టేసరికి రాజుగారు సింహాసనం మీదకి కాళ్ళు లాక్కున్నారు. ఏమిటిదన్నారు. ఓ పండితుడు లేచి, పొలుసులున్నాయి గనక ఇది చేపేనన్నాడు. ఇంకో పండితుడు లేచి, నీళ్ళు లేవు గనక చేప కాదు, రాక్షసి గుడ్డన్నాడు. చేపా, గుడ్డా, చేపా, గుడ్డా అని మధ్యాహ్నం దాకా జుట్లు పట్టుకున్నారు.

"అయ్యా, అది అలుగండీ. ఒగ్గేస్తే దానంతటదే ఇప్పుకుంటుంది" అన్నాడు అప్పలసూరి.

"పండితులు మాట్లాడుతుంటే నీకెందుకయ్యా?" అని మంత్రి కసిరాడు.

చూశారా! తెలిసినవాడొక్కడే ఉన్నాడు, వాడి నోరే మూయించారు.

అప్పుడు రాజవైద్యుడు రాజుగారి చెవిలో ఓ మాట ఊదాడు. ఈ పొలుసు వేయించి, నూరి, తేనెతో నాకితే ఒళ్ళు ఇనుమైపోతుందట, కత్తి దిగదట, బాణం గుచ్చుకోదట. ఇంకేం! రాజుగారి మొహం వెలిగిపోయింది. విప్పండి దాన్నన్నారు.

డప్పు కొట్టారు, ముడుచుకుంది. బూర ఊదారు, ఇంకాస్త ముడుచుకుంది. మల్లులొచ్చి లాగారు, మరికాస్త ముడుచుకుంది. ఏనుగు చేత దొర్లించారు. ఓ పొలుసు ఊడి నేలమీద పడిందేగానీ బంతి విడలేదు. పైగా దానికి ఒళ్ళు మండి ఓ కంపు వదిలింది! చేపపండితుడూ గుడ్డుపండితుడూ ఆనాడు మొదటిసారి ఒక్క మాటమీద నిలబడి, ఒకే గుమ్మంలోంచి బయటికి పరిగెత్తారు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఎవరిమీద చూపించాలి? ముసలాడు దొరికాడు. వీడే మంత్రం వేసి బిగించాడు, రేపు దీపాలవేళకి అది విడకపోతే వీణ్ణి జన్మంతా చెరలో పెట్టండన్నారు.

కబురు తెలిసి చిలకమ్మ ఏడ్చింది. ఏడవదూ మరి? కన్నతండ్రిలా చూసుకునే మామ. ఏడ్చి, మొహం కడుక్కుని, మర్నాడు కోటకొచ్చింది. రాగానే ఏం చూసిందనుకున్నారు? బంతిని చూడలేదు, రాజుని చూడలేదు. సింహాసనం కాళ్ళవెంట పాకిన సన్నటి మట్టిగీతలు చూసింది. చెదలు! అంతమంది రోజూ దండం పెట్టే సింహాసనం, ఒక్కడూ దాని కాళ్ళు చూడలేదు.

"దొరా, నేను ఇప్పిస్తాను. దాన్ని తమరి సింహాసనం కింద పెట్టించండి. ఒక్క దీపం చాలు. నేను చెప్పేదాకా ఎవరూ నోరెత్తకూడదు. తమరు కూడా" అంది.

సభ అదిరిపోయింది. రాజుగారు ఊరుకోవడమా! కానీ ఇనుప ఒంటిమీద ఆశ కదా, ఒప్పుకున్నారు. కాసేపటికే ఆయన పెదాలు వణికాయి. మంత్రి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. రాజుగారిని రోజూ పొగడడమే పనైన వాడొకడు గోడవైపు తిరిగి లోపల్లోపలే పొగుడుకున్నాడు.

పొద్దు గూకింది. బంతి కొంచెం కదిలింది. సన్నటి మూతి బయటికొచ్చి గాలి వాసన చూసింది. ఆ తరవాత తల, ఆ తరవాత గోళ్ళు. మెల్లిగా విప్పుకుంటే, దాని పొట్టలోపల ఏముందో తెలుసా? అరచెయ్యంత పిల్ల! మెత్తటి పొలుసులతో, కళ్ళు చికిలించుకుంటూ. అందుకే ఏనుగొచ్చినా ఆ తల్లి విడలేదు. కట్లతో ఓ మూల నిలబడ్డ అప్పలసూరి భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు.

పిల్ల తల్లి తోకమీదకెక్కి కరుచుకు కూర్చుంది. తల్లి వెనక్కాళ్ళమీద లేచి, ముందుచేతులు గుండెకానించుకుని, అప్పు తీర్చలేనివాడిలా వంగి వంగి నడిచింది. ఎక్కడికి? వాసనొచ్చిన చోటికి, సింహాసనం కాలిదగ్గరికి. దానికి పళ్ళు లేవర్రా. మూరెడు నాలుక, జిగురు నాలుక. గోళ్ళతో గీరింది, నాలుక చాపింది. గీరింది, చాపింది. గీరింది, చాపింది. లోపలంతా చెదపుట్టే! నాలుగోసారి గీరేసరికి సింహాసనం పెళపెళమని విరిగింది. రాజుగారు కిరీటంతో సహా కింద! "అమ్మో" అని ఆయన నోరు తెరిచేలోపు చిలకమ్మ వేలు చూపించింది. నోరు మూసుకున్నారు.

అది కడుపునిండా తిన్నాక, ఇక మాట్లాడొచ్చంది చిలకమ్మ.

వైద్యుడు కత్తి పట్టుకుని ముందుకొచ్చాడు, పొలుసులు తీస్తానంటూ. చిలకమ్మ నేలమీది పొలుసు దీపంలో కాల్చింది. తన గోరుముక్క తీసి కాల్చింది. రెండూ ఒకే కమురుకంపు.

"దొరా, ఇదీ గోరులాంటిదే. గోరు తింటే ఒళ్ళు ఇనుమవుతుందంటే ఆ తల్లి జోలెందుకు? వైద్యులవారికి చేతులకి పది, కాళ్ళకి పది ఉన్నాయి కదా. ముందు వారినే తిని చూడమనండి."

రాజుగారికి అది న్యాయంగా తోచింది. ఇరవై గోళ్ళూ కత్తిరించి, వేయించి, నూరి, తేనెతో నాకించారు. ఇప్పుడు ఇనుమయ్యాడేమో చూడమని మల్లుడి చేతికి దుడ్డుకర్ర ఇచ్చారు. మల్లుడు కర్ర ఎత్తాడో లేదో, వైద్యుడు గోడ దూకి పొలిమేర దాటిపోయాడు. ఆ రాజ్యం పొలిమేర ఎంత దూరంలే!

అప్పుడు రాజుగారు నేలమీద కూర్చునే అప్పలసూరి కట్లు విప్పించారు. మీవాళ్ళెవరూ మా మామ చెప్పింది వినలేదు దొరా, అందుకే మీకు ఇంత అవస్థ అంది చిలకమ్మ. రాజుగారు సిగ్గుపడ్డారు. నిజంగానే సిగ్గుపడ్డారు. అలుగుని ముట్టుకుంటే ఊరుకోనని చాటింపు వేయమన్నారు. డప్పు మాత్రం వద్దన్నారు.

కోట తలుపులు తీశారు. మామా, కోడలూ ముందు, వెనకే అలుగు, తోకమీద ఊగుతూ పిల్ల. వీధికి రెండువైపులా జనం. ఒక్కరూ దగ్గలేదు. అలా కొండదాకా సాగనంపారు.

కనక నాన్నలూ, తెలిసినవాడు చెప్పేటప్పుడు చినిగిన పంచెని చూడకండి, చెవి పెట్టండి. అక్కడ వాళ్ళు సుఖంగా ఉన్నారు, ఇక్కడ మనం సుఖంగా ఉన్నాం. కథేమో నడుచుకుంటూ కంచిదారి పట్టింది, మీరు దుప్పటిదారి పట్టండి.