ఆకు నలిపితేనే వాసన ఎందుకొస్తుంది?

ఒకప్పుడు ఆకులకి వాసన ఉండేది కాదు. పువ్వుకి ఉండేది, పండుకి ఉండేది, వాన పడితే మట్టికి కూడా ఉండేది. ఆకుకి మాత్రం లేదు. తులసాకు నలిపినా అంతే, నిమ్మాకు నలిపినా అంతే.

మరి పువ్వూ కాయా లేని చెట్టుని చూసి, ఇది ఫలానా చెట్టని ఎలా చెప్పేవాళ్లు? ఆకు నోట్లో వేసుకుని నమిలి చెప్పేవాళ్లు. చేదుగా ఉంటే ఒక చెట్టు, పుల్లగా ఉంటే ఒక చెట్టు, నోరు వాచిపోతే ఇంకో చెట్టు. చెట్ల పేర్లు బాగా తెలిసినవాళ్లని మూతి చూసి గుర్తుపట్టొచ్చు. వంకరగా ఉండేది.

ఆ కాలంలో దాలయ్య, సన్నెమ్మ అని మొగుడూ పెళ్లాం ఉండేవాళ్లు. ఊరి చివర కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి పెరట్లో మూడు చెట్లు వాటంతటవే మొలిచి మనిషెత్తు పెరిగాయి. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. మూడింటికీ ఈనెకి అటూ ఇటూ చిన్న చిన్న ఆకులే. చూస్తే ఒక తల్లి పిల్లల్లా ఉండేవి.

"ఇవేం చెట్లు మావా?" అని అడిగింది సన్నెమ్మ.

దాలయ్య చెట్ల చుట్టూ తిరిగాడు. పైకి చూశాడు, కిందకి చూశాడు.

"పచ్చ చెట్లే" అన్నాడు.

అసలు చిక్కేమిటంటే, తామెవరో ఆ చెట్లకే తెలీదు. తల్లి పక్కన మొలిచిన మొక్కకి తల్లి చెబుతుంది, నువ్వు ఫలానా అని. ఇవి కాకి వేసిన గింజలకి మొలిచినవి. వీటికి చెప్పేవాళ్లెవరు?

"నేను మామిడిని" అనేది మొదటి చెట్టు.

"నువ్వు మామిడివైతే నేను టేకుని" అనేది మధ్య చెట్టు.

"నేనింకా చిన్నదాన్ని గానీ, పెద్దయ్యాక కొబ్బరిచెట్టునవుతాను" అనేది గోడ పక్క చెట్టు.

ఒకరోజు మూడూ కలిసి కాకిని నిలదీశాయి. "మమ్మల్ని తెచ్చింది నువ్వే కదా, మేమెవరమో చెప్పు!"

"తిన్నవైతే గుర్తుంటాయి గానీ, వదిలినవి ఎవరికి గుర్తుంటాయి?" అని కాకి ఎగిరిపోయింది.

ఆ ఊళ్లో కూర్మయ్య తాత ఉన్నాడు. చెట్ల పేర్లు చెప్పడమే ఆయన పని. చిన్నప్పటినుంచీ ఆకులు నమిలి నమిలి ఆయన నాలుక తాటిమట్టలా మొద్దుబారిపోయింది. బెల్లం పెట్టినా ఉప్పు పెట్టినా ఆయనకి ఒకటే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సన్నెమ్మ ఆయన్ని పిలుచుకొచ్చింది. తాత ఒక్కో ఆకూ నమిలాడు. కళ్లు మూసుకుని తల ఊపాడు.

"మొదటిది కరివేప. మధ్యది కుంకుడు. గోడ పక్కది వేప. సందేహమే లేదు!"

"మూడింటికీ ఒకేలా తల ఊపావేంటి తాతా?" అంది సన్నెమ్మ.

"నాకున్నది ఒకటే తల కదమ్మా!" అన్నాడు తాత. పెట్టిన అటుకులు తిని వెళ్లిపోయాడు.

తమకీ పేర్లు దొరికాయని చెట్లు మురిసిపోయాయి. కానీ తాత చెప్పినవన్నీ తప్పే. మొదటిది కుంకుడు. మధ్యది వేప. గోడ పక్కది కరివేప.

మర్నాడు పొద్దున్నే దాలయ్య గోడ పక్క చెట్టు పుల్ల విరిచి పళ్లు తోముకోడానికి కూర్చున్నాడు. నమిలాడు. చేదు తగల్లేదు. ఇంకాస్త నమిలాడు. బాగుంది. ఇంకాస్త నమిలాడు.

"సన్నెమ్మా! పళ్లు తోముకుంటుంటే ఆకలేస్తోందే! చద్దన్నం పెట్టు."

"తోముకోడం అయిపోయిందా?"

"పుల్ల అయిపోయింది."

ఇక సన్నెమ్మ. కుంకుడుకి ఇంకా కాయలు రాలేదు కదా అని మధ్య చెట్టు ఆకులే నూరి తలకి రుద్దుకుంది. ఒక్క నురగ రాలేదు. పసరు మొహం మీదుగా కారి నోట్లోకి పోయింది. ఆ తర్వాత మంచినీళ్లు తాగినా చేదే, బెల్లం ముక్క తిన్నా చేదే. "కుంకుడాకు ఇంత చేదా!" అనుకుంది గానీ, తాత చెప్పాక తప్పెందుకు అవుతుందని ఊరుకుంది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే సన్నెమ్మ అన్న బంగారయ్య వచ్చాడు. అమ్మా నాన్నా పోయాక ఆమెకి పుట్టిల్లంటే ఆ అన్న ఒక్కడే. మనిషి మంచివాడే గానీ ముక్కు మీద కోపం. గృహప్రవేశానికి పిలుపు ఆలస్యంగా వచ్చిందని అలిగి, ఇన్నాళ్లూ ఆ ఇంట్లో అడుగుపెట్టలేదు. ఇప్పుడు తనంతట తానే వచ్చాడు. సన్నెమ్మ కాళ్లు నేల మీద ఆగలేదు.

అన్నకి ఇష్టమని గుమ్మడికాయ పులుసు పెట్టింది. కరివేపాకే కదా అని మొదటి చెట్టు ఆకులు గుప్పెడు దూసి అందులో వేసింది. పులుసు ఉడికింది. నురగొచ్చింది. నురగ పొంగింది, మూత లేచింది, పొయ్యి చుట్టూ పాకింది.

"పాలు పొంగితే మంచిదంటారు. పులుసు పొంగినా మంచిదేనేమో!" అనుకుని వడ్డించేసింది.

బంగారయ్య ఒక ముద్ద తిన్నాడు. చెల్లెలి మొహం చూసి రెండో ముద్ద కూడా మింగాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు.

"చెల్లీ, ఈ పులుసు..."

మాటతో పాటు నోట్లోంచి ఒక బుడగ వచ్చింది. అది పైకి తేలి, దూలం దాకా వెళ్లి టప్పున పేలింది. దాని వెనక ఇంకోటి.

దాలయ్య ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. అయిపోయింది!

"భోజనానికి కూర్చోబెట్టి నోరు ఉతికేస్తారా? (బుడగ.) పైగా నవ్వులా? (పెద్ద బుడగ.) మళ్లీ ఈ గుమ్మం తొక్కితే నా పేరు బంగారయ్యే కాదు!" అని, బుడగలు వదులుకుంటూనే వీధి దాటి వెళ్లిపోయాడు.

సన్నెమ్మ పులుసు గిన్నె పక్కనే కూలబడి ఏడ్చింది. "ఉన్న ఒక్క అన్నా పోయాడు" అని ఏడ్చింది.

దాలయ్యకి నవ్వు ఆగిపోయింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. తనని తాను ఏం చేసుకోలేక ఆ కోపం చెట్ల మీదికి తిప్పాడు. గొడ్డలి తీశాడు. దాని పిడి ఊడి చేతిలోకొచ్చింది.

"వడ్రంగి దగ్గర పిడి బిగించుకొస్తా. వచ్చి మూడూ నరికేస్తా!" అని బయల్దేరాడు.

పెరట్లో చెట్లు మూడూ గజగజా వణికాయి. అప్పుడే అటుగా గాలి వచ్చింది.

"ఏంట్రా పిల్లలూ ఆ ఊగడం? నేనింకా రానేలేదుగా!" అంది ఆశ్చర్యంగా.

చెట్లు ఏడుస్తూ జరిగిందంతా చెప్పాయి. గాలి తిరగని ఊరు లేదు, దానికి అందరూ తెలుసు.

"ఓసి పిచ్చిదానా, నువ్వు కుంకుడువి. మీ అమ్మ కొండవతల ఉంది. నువ్వేమో వేపవి. గోడ పక్కదానా, నువ్వు కరివేపవి, మీ అమ్మ వాగు ఒడ్డున ఉంది" అంది.

"అయితే వెళ్లి దాలయ్యకి చెప్పు!" అన్నాయి మూడూ.

"చెప్పేదాన్నే. నేను నోరు విప్పితే మనుషులు తలుపులేసుకుంటారే!"

అప్పుడు కుంకుడు చూసింది. "నీ భుజం మీద ఆ మూటేంటి?"

గాలి కాస్త సిగ్గుపడింది. "అదా... బ్రహ్మ ఇచ్చాడు, అందరికీ వాసనలు పంచమని. పువ్వులకి ఇచ్చాను, పళ్లకి ఇచ్చాను. ఆకులేమో లెక్కలేనన్ని ఉన్నాయి. రేపు పంచుదాంలే అని..."

"ఆ రేపు ఎప్పుడొచ్చింది?"

"అదెందుకులే ఇప్పుడు!" అని గాలి గబగబా మూట విప్పింది. "ఇదిగో కుంకుడూ, నీకు తలంటు వాసన. ఇదిగో వేపా, నీకు చేదు వాసన."

వేప మూతి ముడుచుకుంది. "నాకే ఎందుకు చేదు?"

"పురుగులు నీ జోలికి రావు."

"అయితే ఇంకాస్త వెయ్యి" అంది వేప.

కరివేప వంతు వచ్చింది. దాని వాసన మూటలోంచి తియ్యగానే కంచె అవతలినుంచి ఒక మేక తల పెట్టింది. "ఆహా! ఆ చెట్టు ఏదో చెప్పండి, దానితోనే మొదలుపెడతాను."

"వద్దు వద్దు!" అని అరిచింది కరివేప. "గొడ్డలి తప్పించుకుని మేక నోట్లో పడనా?"

గాలి ఆలోచించింది. మూడింటికీ వాసనని ఆకు మీద పూయకుండా, ఆకు లోపలికి కూరి పైన మూసేసింది. "ఇప్పుడు ఊరికే ఉంటే రాదు. నలిపితేనే వస్తుంది. నలపడానికి మేకకి చేతులెక్కడివి?"

మేక మూడు చెట్లనీ వాసన చూసింది. ఏమీ తేలలేదు. గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఈ ఉపాయం బాగుందని ఊళ్లో చెట్లన్నీ "నాకూ, నాకూ" అని కొమ్మలు చాచాయి. తులసి, నిమ్మ, జామ, వాము అన్నీ అలాగే లోపల దాచుకున్నాయి. అరటి కునుకు తీస్తోంది. అది లేచి చూసేసరికి మూట ఖాళీ.

"ఏడవకు" అంది గాలి. "నీ ఆకులో అన్నం వడ్డిస్తే అన్నం వాసనే రావాలి, నీ వాసన ఎందుకు?"

ఇంతలో దాలయ్య గొడ్డలితో వచ్చేశాడు. తిన్నగా గోడ పక్క చెట్టు దగ్గరికి నడిచాడు. సన్నెమ్మ పరుగున వచ్చి చెట్టుని పట్టుకుంది.

"నరకొద్దు మావా! చెట్టేం చేసింది? తప్పు చెప్పింది తాత!"

"అయితే తాతని నరకమంటావా? తప్పుకో!"

"తప్పుకోను!"

దాలయ్య ఆమె చెయ్యి పట్టి లాగాడు. సన్నెమ్మ కొమ్మని గట్టిగా బిగించింది. అలా లాగీ లాగీ, గుప్పిట్లోని ఆకులన్నీ నలిగిపోయాయి. కన్నీళ్లు తుడుచుకుందామని ఆమె చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుంది.

ఏడుపు ఆగిపోయింది.

"మావా, నా చెయ్యి చూడు."

"దెబ్బ తగిలిందా?" అని దాలయ్య కంగారుగా గొడ్డలి పారేశాడు.

"కాదు, వాసన చూడు!"

చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఆకలేస్తోందే!" అన్నాడు.

"పొద్దున నువ్వు నమిలేసిన పుల్ల ఈ చెట్టుదే! ఇదీ కరివేప!"

మధ్య చెట్టు ఆకు నలిపి చూసింది. ముక్కు ముడుచుకుంది. "ఇదీ వేప!" మొదటి చెట్టు ఆకు నలిపింది. అచ్చం తలంటు వాసన. "ఇదీ కుంకుడు! అయ్యో, అన్నకి పెట్టింది ఇదే!"

ఆ కేకలకి కూర్మయ్య తాత కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన ముక్కు దగ్గర కూడా ఆకు పెట్టారు. తాత మళ్లీ మళ్లీ వాసన చూశాడు. "ముక్కుని ఇంత దగ్గర్లో పెట్టుకుని, నోరు పాడుచేసుకున్నానమ్మా!" అన్నాడు చివరికి.

సన్నెమ్మ మళ్లీ పులుసు పెట్టింది. ఈసారి కరివేపాకు నలిపి వేసింది. గిన్నె నెత్తిన పెట్టుకుని మొగుడితో కలిసి అన్న ఊరు వెళ్లింది.

బంగారయ్య అరుగు మీద మూతి బిగించుకుని కూర్చున్నాడు. అది కోపమో, బుడగల భయమో తెలీదు. వెళ్లిపొమ్మని చేత్తోనే సైగ చేశాడు.

"తప్పయింది బావా. నేను నవ్వకూడదు" అన్నాడు దాలయ్య తల వంచుకుని.

సన్నెమ్మ గిన్నె మూత తీసింది. బంగారయ్య మొహం అటు తిప్పుకున్నాడు గానీ, ముక్కు మాత్రం ఇటే ఉండిపోయింది. కాసేపటికి మనిషంతా ఇటు తిరిగాడు. విస్తరి వేయించుకుని ఒక ముద్ద తిన్నాడు. భయం భయంగా నోరు తెరిచాడు.

"ఏం వేశావే ఇందులో?"

బుడగ రాలేదు. ముగ్గురూ పైకి చూశారు, రాలేదు. ముందు బంగారయ్యే నవ్వాడు. "ఇంత మంచి పులుసు పెట్టే చెల్లెలి ఇంటికి రాకుండా ఎలా ఉంటానే?" అని గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

అప్పటినుంచే ఆకు తన వాసనని లోపల దాచుకుంటుంది. అప్పటినుంచే, పెరట్లో పేరు తెలియని మొక్క కనిపిస్తే పెద్దవాళ్లు ఒక ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. ఆ కాస్సేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఆకు తన పేరు చెప్పుకుంటుంది.