గంధం ముందు ఎవరూ నడవకూడదు

ఉరుసు దగ్గర పడుతుందంటే వన్నూరప్పకు భయం. పండగకు భయపడేవాళ్ళు కూడా ఉంటారా అని అడగొచ్చు. ఉంటారు. ఊరంతా ఒకచోట చేరి నడిచే రోజున, నడక సరిగ్గా లేనివాడికి భయం కాక ఇంకేముంటుంది?

పసితనంలో వచ్చిన పోలియోకు అతని ఎడమకాలు సన్నబడిపోయింది. అడుగు వేసినప్పుడల్లా ఎడమచేత్తో మోకాలిని నొక్కిపట్టాలి. ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగి మళ్ళీ లేస్తుంది. చిన్నప్పుడు ఒక ఉరుసులో తోటిపిల్లలు అతని వెనక వరసగా చేరి, మోకాళ్ళు పట్టుకుని అచ్చం అతనిలాగే నడిచారు. పిల్లలు సరే, పెద్దవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు అతని చెవుల్లోంచి పోలేదు. ఇరవయ్యో ఏట నల్లబండ గుట్ట మీది దర్గాకు చేరి, అక్కడి పెద్ద జమాల్ తాతకు శిష్యుడై, గుట్ట దిగడమే మానేశాడు.

ఆ దర్గాలో ఉరుసు పద్ధతి ఇది. కింద ఊళ్ళో ఆడవాళ్ళు గంధం అరగదీసి బిందెకెత్తుతారు. తాత ఎవరి తల మీద చుట్టకుదురు పెడితే వాళ్ళు ఆ బిందెను మోసుకుని, దర్గాలోని సమాధికి పూయడానికి పొద్దున్నే బయల్దేరతారు. ఊరంతా వెనక నడుస్తుంది. గంధం ముందు ఎవరూ నడవకూడదు. దారిలో బిందెను నేల మీద దించకూడదు, ఒక తల మీంచి ఇంకో తలకు మార్చకూడదు.

తొమ్మిదేళ్ళుగా ఆ చుట్టకుదురు ఖాజాపీరది. తాత శిష్యుల్లో అతనే పెద్దవాడు. మంచివాడు, పిక్కబలం ఉన్నవాడు. గుట్టకున్న మూడొందల పన్నెండు మెట్లూ ఒక్క ఊపున ఎక్కేసి, మధ్యాహ్నం నమాజుకు ముందే బిందెను తాత చేతుల్లో పెట్టేవాడు. ఏటికేడు ఇంకాస్త ముందుగా వస్తున్నానని లోలోపల మురిసిపోయేవాడు కూడా.

శిష్యులందరూ ముందురోజే కిందికి దిగితే, వన్నూరప్ప మాత్రం తాతకు ఒకరు తోడుండాలి గదా అని పైనే ఉండిపోయేవాడు. దర్గా ఊడ్చి, తొట్లలో నీళ్ళు నింపి, గుమ్మం దగ్గర చాప పరిచేవాడు. ఎక్కి వచ్చినవాళ్ళు ఆ శుభ్రం చూసి, గురుసేవంటే వన్నూరప్పదే అని మెచ్చుకునేవాళ్ళు. అతను తల వంచుకుని ఆ మెప్పు తీసుకునేవాడు. అసలు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, అతనూ తాతా. తాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

తాతకు ఒక అలవాటుండేది. గంధం చేరి, ఫాతిహా చదవడం అయి, జనం అన్నాలకు కూర్చున్నాక, ఆయన గుమ్మం దగ్గరి చాప మీద చేరి మెట్లవైపు చూస్తూ ఉండేవాడు. పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు, ముద్ద ముట్టేవాడు కాదు. పక్కనే వన్నూరప్ప కూర్చునేవాడు. ఒక ఏడు ఉండబట్టలేక, ఏం చూస్తున్నారని అడిగాడు.

"ఇంకా కొందరు రావాలప్పా," అన్నాడు తాత.

వన్నూరప్ప మెట్లకేసి చూశాడు. పిట్ట కూడా లేదు. మన కళ్ళకు కనపడని మహాత్ములు, వలీలెవరో వస్తారు కాబోలు, అది తాతకు తెలుస్తుంది గానీ మనబోటివాళ్ళకు తెలుస్తుందా అనుకుని, ఆ ఖాళీ మెట్లకే ఒక దండం పెట్టుకున్నాడు. తర్వాత ప్రతి ఏడూ పెట్టుకుంటూ వచ్చాడు.

పదమూడో ఏడు వచ్చింది. ఉరుసు మూడు రోజులుందనగా తాత శిష్యులందరినీ పిలిచి, భుజం మీది తువ్వాలు తీసి, మెలితిప్పి చుట్టకుదురు చేశాడు. ఖాజాపీర అలవాటు కొద్దీ తల వంచాడు. తాత అతన్ని దాటుకుని పోయి, మూలన కూర్చుని కుండ కడుగుతున్న వన్నూరప్ప తల మీద పెట్టాడు.

వన్నూరప్ప చేతిలో కుండ జారినంత పనైంది. మరి మీకు తోడెవరుంటారు తాతా అని అడిగాడు.

"నాకు తోడు అక్కర్లేదప్పా. గంధానికి కావాల."

ఖాజాపీర ఉక్రోషం దాచుకోలేకపోయాడు. ఎంత పొద్దున బయల్దేరినా వీడు ఎప్పటికి ఎక్కుతాడని అడిగాడు.

"ఎక్కినప్పుడు," అన్నాడు తాత. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆ మూడు రోజులూ వన్నూరప్పకు తిండి సయించలేదు. పారిపోదామా అనుకున్నాడు. పారిపోవాలన్నా ఆ కాలే గదా దిక్కు. చివరికి ముందురోజు తెల్లారే బయల్దేరి, మెట్టు మెట్టుకూ కూర్చుంటూ దిగి, సాయంత్రానికి ఊరు చేరాడు.

మర్నాడు పొద్దున బిందె తలకెత్తారు. కుడిచేయి బిందె మీద, ఎడమచేయి మోకాలి మీద. వెనక జనం నాలుగొందలకు తక్కువుండరు. తప్పెట్లు మోగాయి. గంధానికి రెండు పక్కలా నడవాల్సిన తప్పెటగాళ్ళు ఖాజాపీర వేగానికి అలవాటుపడినవాళ్ళాయె. దడదడ వాయించుకుంటూ పోయి, తిరిగి చూస్తే గంధం ఎక్కడో వెనక ఉంది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ జరగని తప్పు. నాలుక కరుచుకుని వెనక్కి పరిగెత్తుకొచ్చారు.

కుర్రాళ్ళెవరో నవ్వారు. వన్నూరప్ప చెవులు కాలిపోయాయి. చిన్ననాటి నవ్వే వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాడు.

తప్పెటగాళ్ళ పెద్ద నల్లప్ప మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి అందరి వాయింపూ ఆపించి, వన్నూరప్ప పాదాలకేసి చూస్తూ నాలుగడుగులు పక్కన నడిచాడు. కుడికాలు గట్టిగా పడుతోంది. ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి మెల్లగా ఆనుతోంది. నల్లప్ప పుల్లతో గట్టిగా ఒక దెబ్బ వేశాడు. కాస్త ఆగి, వేళ్ళతో మెత్తగా ఒకటి తట్టాడు. మళ్ళీ గట్టిగా, మళ్ళీ మెత్తగా. మిగతా తప్పెట్లు అందుకున్నాయి.

తన కుంటినడక ఊరంతటికీ వినపడుతోంది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. కానీ చిత్రంగా ఆ దరువు అతని ఒంటికి పట్టింది. బుద్ధెరిగాక అతని కాళ్ళకు తగిన దరువు ఎవరూ వేయలేదు మరి. కాసేపటికి వెనకవాళ్ళ కాళ్ళూ అలాగే పడసాగాయి, గట్టిగా ఒకటి, మెత్తగా ఒకటి. నవ్విన కుర్రాళ్ళ కాళ్ళు కూడా. దరువు అంటుకుంటే ఎవరి కాలు ఎవరి మాట వింటుంది?

మెట్ల మొదట్లో నగీనా నిలబడి ఉంది. నగీనా హిజ్రా, ఊళ్ళో పూలమ్ముకుని బతుకుతుంది. ఏటా సమాధి మీద కప్పడానికి పూలచాదర్ అల్లి, మెట్ల దాకా తెచ్చి, ఎవరి చేతికో ఇచ్చి వెనుదిరిగేది. పెద్దలంతా గంధం వెంట పరుగుతీశాక తోకలో మిగిలేది ఆకతాయిలే. వాళ్ళ మాటలు పడుతూ మూడొందల మెట్లు ఎక్కడం ఎవరి తరం? ఈ ఏడు ఊరేగింపుకు తోకే లేదు. పిల్లాపెద్దా అందరూ ఒక్క గుంపుగా వస్తున్నారు. నగీనా కాసేపు చూసి, చాదర్ భుజాన వేసుకుని, నేరుగా వచ్చి వన్నూరప్ప పక్కన నడిచింది.

నూరు మెట్లు దాటాక మోకాలు మొరాయించింది. వన్నూరప్ప ఆగిపోయాడు. వెనక నాలుగొందల మందీ ఆగారు. తప్పెట్లు ఆగాయి. ఎండ మాడ్చేస్తోంది. తన మూలంగా ముసలీముతకా అంతా ఎండలో నిలబడ్డారే అని అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఖాజన్నా, నా చేత కాదు. నువ్వెత్తుకో," అన్నాడు మెల్లగా.

ఖాజాపీర చేతులు ముందుకొచ్చాయి కూడా. ఆ బిందె ఎంత బరువో ఆ చేతులకు తెలుసు. అంతలోనే వెనక్కి తీసుకుని, తల మారగూడదు గదబ్బీ అంటూ ఎడమ పక్కకు చేరి, భుజం అతనికి ఆసరా ఇచ్చాడు.

నగీనా వన్నూరప్ప ముఖంలోకి చూసింది. "ఏమబ్బీ, నడుం తిప్పుకుంటా నడిచేది ఈ ఊళ్ళో నేనొకదాన్నే అనుకుంటి. నీ నడక ముందర నాది ఏ మూలకు?"

వన్నూరప్పకు నవ్వొచ్చింది. బిందె ఊగేంత నవ్వొచ్చింది. తన నడక మీద వచ్చిన నవ్వు నొప్పి పెట్టకపోవడం అతనికి అదే మొదలు.

"నడువు. ఇంగెవురన్నా నవ్వితే నా చప్పట్లుండాయి," అంది నగీనా.

వాళ్ళు అలా ఆగి ఉండగానే మాబమ్మా, ఆమె కొడుకు బాబావలీ వచ్చి కలిశారు. బాబావలికి పాతికేళ్ళు. మాటలు తక్కువ, ఎవరి కళ్ళలోకీ చూడడు. ప్రతి మెట్టునూ అరచేత్తో తాకి, లెక్క చెప్పనిదే పైమెట్టు ఎక్కడు. తొందరపెడితే మళ్ళీ మొదటి మెట్టుకు పోతాడు. తల్లి ఏటా తీసుకొచ్చేది, ఏటా ఎవరో ఒకరు తొందరపెట్టేవాళ్ళు. అతను యాభై మెట్లు తాకేసరికి పైన అంతా అయిపోయి జనం దిగుతుండేవాళ్ళు. ఇద్దరూ వాళ్ళతోపాటే ఇంటికి పోయేవాళ్ళు. ఎన్నేళ్ళు వచ్చినా దర్గా గుమ్మం చూసింది లేదు. ఈ ఏడు గంధాన్నే అందుకున్నారు.

తప్పెట మళ్ళీ మోగగానే బాబావలి చెవులు మూసుకున్నాడు. నల్లప్ప అది చూసి పుల్లలన్నీ నడుముకు దోపించేశాడు. అక్కడినుంచి అన్నీ వేళ్ళ దెబ్బలే.

బాబావలి వంగి, వన్నూరప్ప ముందున్న మెట్టును తాకాడు. "నూట పద్నాలుగు," అన్నాడు.

గంధం ముందుకు చెయ్యి పోయింది. ఖాజాపీర నియమం గుర్తుచేయబోయి, మాబమ్మ ముఖం చూసి మానుకున్నాడు. వన్నూరప్ప ఆ మెట్టు మీద కాలు పెట్టాడు. నూట పదిహేను. మళ్ళీ కాలు పెట్టాడు. ఎదురుగా ఉన్న రెండొందల మెట్ల సంగతి మరిచిపోయి, తాకిన మెట్టు ఒక్కటే చూసుకుంటూ ఎక్కాడు. మోకాలు మొరాయించినప్పుడల్లా ఆగాడు. ఆగినప్పుడల్లా వెనకబడినవాళ్ళెవరో ఒకరు వచ్చి కలిశారు. ఎవరూ విసుక్కోలేదని చెబితే అబద్ధం. కొందరు విసుక్కున్నారు, అయినా ఆగారు.

పొద్దు బాగా పడమటికి వాలాక, "మూడొందల పన్నెండు," అన్నాడు బాబావలి.

తాత గుమ్మంలోనే ఉన్నాడు. బిందె అందుకుని లోపలికి తీసుకెళ్ళాడు. సమాధికి గంధం పూశారు. చాదర్ నగీనాయే తన చేతులతో కప్పింది. ఎవరో అడ్డుచెప్పబోయి, తాత ముఖం చూసి తగ్గారు. ఏటికన్నా మూడు గంటలు ఆలస్యమైందని ఖాజాపీర అన్నాడు గానీ, అలవాటు కొద్దీ అన్నదే. గొంతులో కోపం లేదు.

జనం అన్నాలకు కూర్చున్నారు. వన్నూరప్ప మోకాలు నొక్కిపట్టుకుని పోయి గుమ్మం దగ్గర చాప పరిచాడు. పరిచి, తాత కోసం చూశాడు. తాత అప్పటికే పంక్తిలో బాబావలి పక్కన కూర్చుని, అన్నం కలుపుకుంటున్నాడు.

"తాతా, చాప పరిచినా. ఈ పొద్దు చూడరా?"

"ఎవురికోసరమప్పా? అందరూ వచ్చినారు గదా."

వన్నూరప్ప మెట్లకేసి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. పంక్తికేసి చూశాడు. నగీనా ఎవరినో ఆటపట్టిస్తూ వడ్డిస్తోంది. మాబమ్మ, కొడుకు విస్తట్లోకి చూసుకుంటూ ఊరికే కళ్ళు తుడుచుకుంటోంది. ఇన్నేళ్ళూ తాను దండం పెట్టుకున్నది ఎవరికో అప్పటికి అతనికి తెలిసింది.

తాత తన రెండో పక్కన ఖాళీగా ఉన్న చోటును చేత్తో తట్టాడు.

"పన్నెండేండ్లు నా పక్కనే కూసుంటివి. ఈ పొద్దు వచ్చినావు. రా, తిందాం."

వన్నూరప్ప చాప చుట్టి గోడకు ఆనించి, వచ్చి కూర్చున్నాడు. తల మీది చుట్టకుదురు మాత్రం తీయలేదు.