కార్యదర్శి నక్కకు జరిగిన సన్మానం

కార్చిచ్చులో గూళ్లూ బొరియలూ పోగొట్టుకున్న జంతువులకు అడవి గృహసంఘం కొండవాలున మట్టి ఇళ్లు కట్టించింది. అద్దె కింద ప్రతి ఇల్లూ మేతలో వాటా ఇవ్వాలి. వాటా కోసం సంఘం కార్యదర్శి నక్క తెల్లారేసరికి గుమ్మంలో ఉండేది. కప్పు కారుతోందంటే మాత్రం దానికి చెవుడొచ్చేది. మొన్నటి వానకు పెళ్ల ఊడిపడి కుందేలు పిల్ల కాలు విరిగింది. "పిల్లను అక్కడెవరు పడుకోమన్నారు?" అన్నది నక్క. సిగ్గులేని జన్మ!

మళ్లీ మబ్బు పట్టిన రోజే ఇళ్ల మహాసభ వచ్చింది. అద్దెకున్నవాళ్ల తరఫున మేక బొల్లమ్మ, ఎద్దు సింగన్న వెళ్లారు. నక్క ఎదురొచ్చి దండలు వేసి ముందు వరసలో కూర్చోబెట్టింది.

"మేం మాట్లాడేదెప్పుడు?" అంది బొల్లమ్మ.

"భోజనాలయ్యాక, బొల్లమ్మగారూ."

భోజనాలయ్యాయి. "ఇప్పుడు సన్మానాలండీ, మాటలకు టైము లేదు. మీకూ శాలువా ఉందిలెండి" అని నక్క జారుకుంది.

సింగన్న నెమరేస్తూ అన్నాడు. "పోనీలే బొల్లమ్మా. మర్యాద చేశారు, పచ్చగడ్డి పెట్టారు. గొడవెందుకు?"

"గడ్డి పెడితే నీ నోరు మూతపడుతుంది. ఆ కప్పు కింద పడుకునేది నా పిల్లలు! ఈ వానకు ఎవరి మెడ విరుగుతుందో!"

సింగన్న నెమరు ఆపేశాడు.

వేదిక మీద అధ్యక్షురాలు ఏనుగమ్మ కూర్చుంది. ఆవిడ ఎదుట సన్మానం వద్దంటే ఆవిణ్ణి అవమానించినట్టే. అది ఆ అడవి మర్యాద. నక్క గొంతు సవరించుకుంది.

"మన మట్టి ఇళ్లు ఎండలో చల్లన, చలిలో వెచ్చన. కప్పు నుంచి చుక్క నీరు రాలదు. వాటిల్లో ఉండాలని నాకెంత ఆశో! ఏం చేస్తాం, రాతి గుహలో పడి ఉన్నాను. ఆ అదృష్టం నాకు లేదు."

చప్పట్లు మోగాయి. బొల్లమ్మకు ఒళ్లు మండిపోయింది. శాలువాకు పిలవగానే వేదికెక్కి, దాన్ని తీసుకెళ్లి నక్క భుజాల మీదే కప్పింది.

"ఏనుగమ్మా, ఆ అదృష్టం కార్యదర్శిగారికి మేమిస్తాం. ఇదే మా సన్మానం. కుందేలు ఇల్లు ఈయనది. ఆ రాతి గుహ కష్టాలేవో కుందేలు పడుతుంది."

"అబ్బే, నాకెందుకండీ అంత..." నక్క నీళ్లు నమిలింది.

"మొహమాటపడకు నాయనా. ఈ పూటే దిగు" అంది ఏనుగమ్మ.

"సామాను నేను మోస్తానులెండి!" అన్నాడు సింగన్న.

సాయంత్రానికి వాన దంచికొట్టింది. కాసేపటికే నక్క ఒళ్లంతా బురదతో, నడుం పట్టుకుని ఏనుగమ్మ దగ్గరికి వచ్చి పడింది. "అమ్మా, అది ఇల్లు కాదు, గోరీ! పెళ్ల ఊడి నా నడుం విరిగింది!"

"ఇందాక సభలో చుక్క రాలదన్నావే?" ఏనుగమ్మ కళ్లెర్రజేసింది. "పిల్లలందర్నీ ఇప్పుడే ఆ గుహలోకి చేర్చండి. కప్పులన్నీ ఈ నక్కే వేయాలి. చివరిది అయ్యేదాకా దానికి గుహ లేదు."

బొల్లమ్మ అప్పటికే పిల్లలను తీసుకుని గుహ గుమ్మంలో ఉంది. నక్క కుంటుకుంటూ అక్కడికెళ్లి బతిమాలింది. "ముందు నా కప్పు వేసుకోనివ్వు బొల్లమ్మా. నడుం విరిగినవాణ్ణి."

"అక్కడెవరు పడుకోమన్నారు నిన్ను?" అంది బొల్లమ్మ.

నీతి: పక్కవాడి కప్పు గట్టిదని చెప్పే ముందు, దాని కింద ఒక వాన గడపాలి.